తోడేలు మడమ

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. చౌడేశ్వరమ్మ కీడెంచడం దాకా బాగానే నేర్చుకుంది గాని, మేలెంచడానికి ఆవిడకెప్పుడూ తీరిక చిక్కలేదు. వానొస్తే గోడ కూలుతుందని భయం. ఎండొస్తే వడదెబ్బ భయం. వానా ఎండా రెండూ లేకుండా చల్లగా ఉంటే, ఇదేదో తుపానుకి ముందు వచ్చే నెమ్మది కాబోలని ఇంకా భయం.

ఇక ఒక్కగానొక్క కూతురు బాలత్రిపురసుందరి సంగతి చెప్పనే అక్కర్లేదు. మూడో ఏట పోలియో జ్వరమొచ్చి ఆ పిల్లకి ఎడమకాలు చచ్చుబడింది. పిక్క సన్నబడిపోయి, మడమ పైకి లాక్కుపోయి, నేలకి ఆనదు. ఆ కాలితో మునివేళ్ళ మీదే నడుస్తుంది. పద్దెనిమిదేళ్ళొచ్చినా బెజవాడ వన్‌టౌన్‌లో తాముండే సందు దాటి ఒక్కతే వెళ్ళిన రోజు లేదు. వెళ్ళనిస్తే కదా! తండ్రి వీరభద్రయ్య మగ్గం మానేసి చీరల మూటతో ఊళ్ళు తిరిగే మనిషి, నెలలో పదిహేను రోజులు ఇంట ఉండడు. అంచేత పిల్ల గీసిన బొమ్మలు గవర్నర్‌పేటకి మోసుకెళ్ళే పని కూడా చౌడేశ్వరమ్మే పెట్టుకుంది. ఐదో తరగతితో ఆగిన చదువు. బొమ్మల గురించి ఆవిడకి తెలిసిందల్లా చుట్ట చుట్టి నలగకుండా పట్టుకోవడమే.

అది డెబ్భై ఐదో సంవత్సరం వేసవి. గవర్నర్‌పేటలో బడులకి చార్టులూ పటాలూ అచ్చేసి అమ్మే వెంకటప్పయ్య గారు కొత్తగా అడవి జంతువుల చార్టు వేయిస్తున్నారు. మొత్తం ఇరవై నాలుగు జంతువులు. ముందుగా తోడేలు వేసి చూపించమన్నారు. అది కుదిరితే మిగతా ఇరవై మూడూ త్రిపుర చేతికే. కుదరకపోతే, సినిమా బ్యానర్లు రాసే తిరుపతిరావనే ఆయన కుంచె తడుపుకుని సిద్ధంగా ఉన్నాడు.

మొదటి బొమ్మ తిరిగొచ్చింది.

"కాళ్ళేవీ అన్నాడే," అంది చౌడేశ్వరమ్మ చెప్పులు విడుస్తూనే.

"గడ్డిలో ఉన్నాయి," అంది త్రిపుర.

"నేనూ అదే చెప్పాను. అడవి కదండీ, గడ్డి ఉంటుంది కదండీ, గడ్డిలో పాములూ అవీ ఉంటాయి కదండీ అన్నాను. పాములకీ దీనికీ ఏమిటమ్మా సంబంధం, నాకు నాలుగు కాళ్ళూ గోళ్ళతో సహా కనపడాలి, కాలేజీలో జువాలజీ చెప్పే ఆయన చూసి సరేనంటేనే అచ్చుకెళ్ళేది అన్నాడు. శనివారం పన్నెండు లోపు తెమ్మన్నాడు. పోనీ మానేద్దామే తల్లీ. కోతులూ, కుందేళ్ళూ వేసుకో. తోడేలెందుకు మనకి?"

"కుందేలుకి మాత్రం కాళ్ళుండవా?"

"చిన్నవే కదా."

త్రిపురకి నవ్వొచ్చింది. అంతలోనే మొహం ముడుచుకుంది. "నాకు కాళ్ళు రావడం లేదమ్మా. అందుకే గడ్డి వేశాను. మొహం పాత పుస్తకంలో చూసి వేశాను, ఒళ్ళు ఊహించుకున్నాను. కాళ్ళెలా ఊహించుకోను? కుక్కని చూసి వేద్దామన్నా, మన గుమ్మం దరిదాపులకి ఒక్క కుక్కనైనా రానిచ్చావా?"

అదీ నిజమే. సందులో కుక్క తోక కనపడితే చాలు, చౌడేశ్వరమ్మ పొయ్యిలో కట్టె తీసుకుని బయల్దేరేది. కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. సూది అన్న మాట ఎవరి నోట విన్నా ఆవిడ అక్కణ్ణించి లేచిపోయేది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఆ మర్నాడు త్రిపుర గడ్డి తీసేసి, నాలుగు కాళ్ళూ కనిపించేలా ఇంకో తోడేల్ని వేసింది. పాదాలు నేలకి బల్లపరుపుగా ఆనించి, మోకాళ్ళు మనిషికి ఉండే చోటే పెట్టి వేసింది. చౌడేశ్వరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"ఎంత కుదురుగా నిలబడిందే! బంగారం లాంటి కాళ్ళు."

"కుదురుగానే ఉంది. పెళ్ళిపందిట్లో పీట మీద కూర్చోబోయే పెద్దమనిషిలా ఉంది," అని ఆ కాగితాన్ని బీరువా మీదికి గిరాటేసి, "ఎదురింటి మాస్టార్ని పిలవమ్మా," అంది.

ఎదురింటి శౌరయ్య మాస్టారు మిషన్ స్కూల్లో ముప్ఫై ఏళ్ళు డ్రాయింగ్ చెప్పి రిటైరయిన మనిషి. కాఫీ గ్లాసు పట్టుకునే వచ్చారు. బీరువా మీది కాగితం దించి చూసి పొట్ట పట్టుకుని నవ్వారు.

"అమ్మాయ్, ఈ తోడేలు ఆదివారం మా గుళ్ళో మోకరించడానికొచ్చినట్టుందే!"

"నవ్వకండి మాస్టారూ, చెప్పండి."

ఆయన గ్లాసు కింద పెట్టి పెన్సిల్ అందుకున్నారు. "చూడు. తోడేలుకి వెనక మోకాలు వెనక్కి వంగుతుందనుకుంటారు జనం. అది మోకాలు కాదు. మోకాలు ఇదిగో, ఇంత పైన, పొట్ట పక్కన దాక్కునుంటుంది. మనకి మల్లే ముందుకే వంగుతుంది. ముందు కాలికి మోకాలనుకునేది మణికట్టు. నీ అరచెయ్యి బల్ల మీద పెట్టి, వేళ్ళు మాత్రం ఆనించి, మిగతాది పైకి లేపు. అదీ తోడేలు ముందు కాలంటే. మోచెయ్యి ఎక్కడో రొమ్ము దగ్గరుంటుంది. ఛాతీ సన్నం, రెండు ముందు కాళ్ళూ దగ్గర దగ్గరగా వస్తాయి. కుక్కకన్నా పొడుగు కాళ్ళు."

"మరి వెనక కాలికి ఈ పొడుచుకొచ్చిన ఎముకేమిటి?"

"అదే మడమ."

"మడమా? అంత ఎత్తునా?"

"మనం పాదమంతా ఆనించి నడుస్తాం. అది వేళ్ళ మీద నడుస్తుంది. పాదం నిలువుగా లేచి ఉంటుంది. మడమన్నది ఎప్పుడూ నేలకి..." అని ఆగిపోయారు మాస్టారు. నోట్లో మాట నోట్లోనే నొక్కుకుని కాఫీ గ్లాసు కేసి చూశారు. గ్లాసు అప్పటికే ఖాళీ.

వంటింట్లో చౌడేశ్వరమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. ఏమంటుందో పిల్ల, ఏడుస్తుందో ఏమో అని చెవులు రిక్కించింది.

త్రిపుర వంగి తన ఎడమ మడమ తడిమి చూసుకుంది. తరవాత చాలా మామూలుగా, ఏదో పోయిన వస్తువు దొరికినట్టుగా అంది. "అయితే నాకు తెలుసు మాస్టారూ."

ఆ సాయంత్రమే గోడకున్న అద్దం దింపి ట్రంకు పెట్టెకి ఆనించింది. ముక్కాలిపీట మీద కూర్చుని, పరికిణీ మోకాలి దాకా లాక్కుని, ఎడమకాలు అద్దం ముందు పెట్టింది. ఓసారి కాలు చూడడం, ఓసారి గీయడం. వేళ్ళ మీద బరువు వేస్తే చీలమండ దగ్గర నరం ఎలా బిగుసుకుంటుందో వేలితో తడిమి చూసి, మళ్ళీ గీయడం. రెండు రోజులు ఇదే పని. అన్నానికి పిలిస్తే, "ఉండమ్మా, మడమ దగ్గరున్నాను," అనేది.

చౌడేశ్వరమ్మకి ఆ గదిలో అడుగు పెట్టబుద్ధయ్యేది కాదు. ఆ కాలికి పదిహేనేళ్ళుగా రోజూ నూనె రాసింది తనే. కానీ ఎప్పుడూ దానికేసి సూటిగా చూడకుండానే రాసేది. ఇప్పుడది అద్దంలో ఒకటి, కాగితం మీద నాలుగైదు, ఇల్లంతా అవే.

ఆవిడ మనసులో ఒక మాట ఉంది. అరవయ్యో సంవత్సరంలో పిల్లకి జ్వరమొచ్చినప్పుడు వీరభద్రయ్య చీరాలలో ఉన్నాడు. వీధి చివర మందిచ్చే ఆయన చూసి, "మామూలు జ్వరమేనమ్మా, రెండ్రోజులు పడుకోబెట్టు, మందునీళ్ళు చాలు," అన్నాడు. చౌడేశ్వరమ్మే వినలేదు. పిల్ల చచ్చిపోతుందని ఆవిడకి రూఢిగా తోచింది. ఆయన కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. "సూది వెయ్యండి బాబూ, సూది వేస్తేగాని నాకు ధైర్యం రాదు." ఆయన విసుక్కుని ఎడమ తొడకి సూది వేశాడు. మూడో రోజు పొద్దున్న పిల్ల లేచి నిలబడబోయి కూలబడింది.

ఆర్నెల్ల తరవాత గుంటూరులో పెద్ద డాక్టరు కాలు పట్టి చూసి అడిగాడు. "ఈ జ్వరంలో కండకి సూది వెయ్యకూడదమ్మా. ఎవరు వేయించారు?" వీరభద్రయ్య బయట మందుల చీటీ కోసం నిలబడున్నాడు. చౌడేశ్వరమ్మ, "తెలీదండీ," అంది. బయటికొచ్చి భర్తతో, "ఏమీ చెప్పలేదు," అంది. అంతే. ఆ రెండు మాటలూ ఆనాటి నుంచి గొంతులో ముల్లులా దిగబడి ఉన్నాయి. మింగుడు పడవు, బయటికి రావు.

శనివారం పొద్దున్నకి బొమ్మ పూర్తయింది. త్రిపుర బల్ల మీద పరిచి, నాలుగు మూలలా బియ్యం డబ్బా మూతలు బరువు పెట్టి, స్నానానికి వెళ్ళింది. చౌడేశ్వరమ్మ ఒక్కతే ఆ కాగితం ముందు నిలబడింది.

తోడేలు నడుస్తోంది. తల కొంచెం వంచి, ముందు కాళ్ళు ఒకదాని వెంట ఒకటి వేసుకుంటూ, చప్పుడు కాకుండా వెళ్ళిపోతున్నట్టుంది. వెనక ఎడమకాలు అప్పుడే నేల మీద వేళ్ళాన్చి, పాదం నిలువుగా లేచి, మడమ వెనక్కి పొడుచుకుని... ఆ కాలు ఆవిడకి తెలుసు. ఆ నరం తెలుసు. ఆ చీలమండ పక్క చిన్న గుంట తెలుసు.

ఒక్కసారిగా భయమంతా కట్ట తెగినట్టొచ్చి మీద పడింది. వెంకటప్పయ్య గారు అడుగుతారు, ఇదెలా తెలిసిందమ్మా మీ అమ్మాయికని. ఏం చెప్పాలి? కుంటిపిల్ల తన కాలే వేసిందని షాపులో అందరూ చెప్పుకుంటారు. అచ్చేస్తే ఊరూరా బడుల్లో గోడలకి వేలాడదీస్తారు. పాపం, కాలికేమైందండీ అంటారెవరో. జ్వరమండీ. జ్వరానికి ఏం చేశారండీ? అక్కడికొచ్చేసరికి చౌడేశ్వరమ్మ మూలల మీది మూతలు ఒక్కొక్కటే తీసేసింది.

స్నానాల గదిలో చెంబు చప్పుడవుతూనే ఉంది. ఆవిడ చేతులు వాటంతటవే పనిచేశాయి. బొమ్మ చుట్ట చుట్టి ట్రంకు పెట్టె అడుగున తన పెళ్ళినాటి చీర మడతల్లో తోసేసింది. బీరువా మీదున్న ఆ కుదురైన తోడేల్ని, పాదాలు ఆన్చి నిలబడ్డదాన్ని, దుమ్ము దులిపి చుట్టి సంచిలో పెట్టుకుంది. దీని కాళ్ళకేం, బంగారంలా ఉన్నాయి, అనుకుంది. అనుకోవడమే గాని నమ్మలేదు.

షాపులో వెంకటప్పయ్య గారు కాగితం విప్పారు. చూశారు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశారు. పక్క కుర్చీలో చుట్ట కాలుస్తున్న బక్కపలచటి ఆయన్ని పిలిచారు.

"తిరుపతిరావు గారూ, ఈ తోడేలు చూడండి. చక్కెర కోసం రేషన్ షాపు క్యూలో నిలబడ్డట్టు లేదూ?"

"చేతికి సంచి ఒకటి తగిలిస్తే సరిపోతుందండీ," అన్నాడు తిరుపతిరావు. షాపులో గుమాస్తాలంతా నవ్వారు. చౌడేశ్వరమ్మ కూడా, ఏం చెయ్యాలో తోచక, కొంచెం నవ్వింది. తరవాత ఎన్నోసార్లు ఆ నవ్వు గుర్తొచ్చి చెంపలు వాయించుకోబుద్ధయింది ఆవిడకి.

వెంకటప్పయ్య గారు చెడ్డవాడేం కాదు. ఆవిడ మొహం చూసి నవ్వాపుకున్నారు. "అమ్మాయి చెయ్యి మంచిదేనమ్మా. గీతలో జీవముంది. కానీ కాళ్ళు తెలీవు. ఈసారికి తిరుపతిరావు గారికిచ్చేస్తున్నాం."

ఇంటికొచ్చేసరికి త్రిపుర గుమ్మంలోనే ఉంది. "ఏమన్నారమ్మా?"

"ఇంకొకరికిచ్చేశారే."

"బొమ్మ చూసే అన్నారా?"

"చూశారు." ఇక ఆగిపోతే బాగుండేది. "కాళ్ళు తప్పన్నారు."

త్రిపుర తలుపు పట్టుకుని నిలబడింది. "నా కాలు చూసి వేశాను కదమ్మా," అంది చివరికి. "మనిషికే పనికిరాదనుకున్నాను. తోడేలుక్కూడా పనికిరాలేదన్నమాట."

చౌడేశ్వరమ్మ తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా లోపలికెళ్ళి పొయ్యి రాజేసింది. వంట అప్పటికే అయిపోయిందన్న సంగతి పొగ కళ్ళలోకి పోయాకగాని గుర్తురాలేదు.

ఆదివారం త్రిపుర పెన్సిళ్ళన్నీ పాత సబ్బుపెట్టెలో పడేసింది. సోమవారం వెనక వీధిలో ఆడుతున్న మగ్గాలవాళ్ళ దగ్గర్నుంచి నూలు తెప్పించుకుని కండెలు చుట్టడం మొదలెట్టింది. మాస్టారు వచ్చి సంగతడిగితే తలెత్తకుండానే, "మీరు చెప్పింది తప్పట మాస్టారూ," అంది.

"తప్పా? ఎవడన్నాడు? మడమ మడమే. ముప్ఫై ఏళ్ళు చెప్పాను పిల్లలకి." ఆయన గొంతు తగ్గింది. "ముప్ఫై ఏళ్ళూ తప్పే చెప్పానంటావా? ఉండు, నేనే వెళ్ళి ఆ వెంకటప్పయ్యని అడుగుతాను."

"వద్దు మాస్టారూ!" అని వంటింట్లోంచి అరిచింది చౌడేశ్వరమ్మ. ఇద్దరూ అటు చూశారు. "ఎండ... ఎండ మండిపోతోంది. వడదెబ్బ తగులుతుంది మీకు."

మాస్టారు తువ్వాలు తల మీద వేసుకుని, ఎండలో వెళ్ళకుండానే అలిసిపోయినవాడిలా ఎదురింటికి నడిచారు.

మంగళవారం మధ్యాహ్నం. చౌడేశ్వరమ్మ బావి దగ్గర బట్టలు జాడించి లోపలికొచ్చేసరికి త్రిపుర గోడ పక్కన నిలబడుంది. ఎడమ పాదం నేల మీద పెట్టి, మోకాలి మీద రెండు చేతులూ వేసి, ఒంటి బరువంతా కిందికి నొక్కుతోంది. నుదుటి మీద చెమట. పళ్ళ బిగువున పెదవి పాలిపోయింది.

"ఏం చేస్తున్నావే?"

"ఆనుతుందేమో చూస్తున్నాను," అంది త్రిపుర.

చౌడేశ్వరమ్మ చేతిలో తడిబట్టల బొచ్చె అలాగే కింద పడింది. వచ్చి పిల్ల కాళ్ళ దగ్గర కూలబడి, ఆ చేతుల్ని మోకాలి మీంచి లాగేసింది.

"మాను. మానెయ్ తల్లీ. నీ తోడేలు తప్పు కాదు. దాన్ని వాళ్ళు చూడనే లేదు. నేనే మార్చాను. ఆ బీరువా మీదది పట్టుకెళ్ళాను."

త్రిపురకి అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. "ఎందుకు?"

అప్పుడు చెప్పింది చౌడేశ్వరమ్మ. వెనక నుంచి మొదలెట్టి ముందుకొచ్చింది. షాపు, భయం, కాలికేమైందని అడిగేవాళ్ళు, గుంటూరు డాక్టరు, చీటీ కోసం బయట నిలబడ్డ వీరభద్రయ్య, ఆ రాత్రి జ్వరం, సూది. చెప్తూ చెప్తూ ఏడవలేదు. ఏడిస్తే పిల్ల జాలిపడుతుందేమో, ఆ జాలి కూడా దొంగసొమ్మే అవుతుందేమోనని ఆవిడ భయం.

త్రిపుర గోడకానుకుని వింది. అంతా అయ్యాక అంది. "ఆ సూది నాకు గుర్తు లేదమ్మా. నాకు మూడేళ్ళు. నేను చచ్చిపోతాననుకున్నావు, వేయించావు. మరి శనివారం ఏమైంది? శనివారం నేను చచ్చిపోతున్నానా?"

చౌడేశ్వరమ్మ కింద పడ్డ తడిబట్టలు బొచ్చెలోకి ఏరడం మొదలెట్టింది.

"నాలుగు రోజులు," అంది త్రిపుర. "నాలుగు రోజుల బట్టీ నాకు చూడ్డం రాదనుకున్నాను. కళ్ళతో చూసిందీ, చేత్తో తడిమిందీ కూడా తప్పే అనుకున్నాను. మాస్టార్ని అబద్ధాలవాణ్ణి చేశాను. నీకు తెలుస్తోందా నువ్వేం చేశావో?"

"తెలుస్తోంది."

"ఎక్కడుంది?"

ట్రంకు పెట్టెలోంచి తీసిచ్చింది. చీర మడతల్లో నలిగి తోడేలు నడుము మీద ఒక గీత పడింది. త్రిపుర అరచేత్తో నిమిరి, చుట్టి, జడ బిగించుకుని చెప్పులేసుకుంది.

"ఎక్కడికే?"

"గవర్నర్‌పేటకి."

"మిట్టమధ్యాహ్నమే! సాయంత్రం చల్లబడ్డాక..."

"నువ్వు రానక్కర్లేదు."

అంటే ఆగుతుందా? తడిచీరతోనే వెంటపడింది. ముందెళ్ళి రిక్షా పిలిచింది త్రిపురే. దారిపొడవునా తల్లీకూతుళ్ళు ఒకే సీటు మీద రెండు ఊళ్ళవాళ్ళలా కూర్చున్నారు.

షాపులో వెంకటప్పయ్య గారి బల్ల మీద తిరుపతిరావు తోడేలుంది. రంగులు ఎక్కించేశాడు. కండలు తిరిగిన తొడలతో, రొమ్ము విరుచుకుని, యుద్ధానికి పోతున్నట్టుంది. దాని నాలుగు కాళ్ళ చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో నాలుగు సున్నాలు, ప్రతి సున్నా పక్కనా ఒక ప్రశ్నార్థకం. జువాలజీ ఆయన పొద్దున్నే చూసి వెళ్ళాడట.

చౌడేశ్వరమ్మే ముందు నోరు విప్పింది. గుమాస్తాలు వింటున్నారని తెలిసే విప్పింది. "బాబూ, మొన్న నేను తెచ్చింది మా అమ్మాయి ఇమ్మన్నది కాదండి. మంచిది దాచేసి, పనికిరానిది తెచ్చాను."

"అదేమిటమ్మా! ఎందుకలా చేశారు?"

"దాని కాలు చూసి వేసుకుందండి. దాని మడమ నేలకి ఆనదు. నలుగురూ అడుగుతారని..." అక్కడ ఆగి, మళ్ళీ అందుకుంది. "ఆ కాలు అలా అవడానికి నేనే కారణమేమోనని పదిహేనేళ్ళ బట్టీ నా భయం. ఎవరూ అడక్కూడదని దాచాను."

షాపులో ఎవరూ నవ్వలేదు. ఎవరో గుమాస్తా స్టూలు ఒకటి త్రిపుర వైపు జరిపాడు. ఆ పిల్ల కూర్చోకుండా బొమ్మ విప్పి, తిరుపతిరావు బొమ్మ పక్కన పరిచింది.

తిరుపతిరావు చుట్ట ఆర్పేసి వంగి చూశాడు. వేలు పెట్టి వెనక కాలి వెంట పైకీ కిందికీ రెండుసార్లు నడిపాడు.

"మడమా ఇది? ఓరి నా తెలివి తెల్లారా! నేను మోకాలనుకుని కండ పెట్టాను కదండీ. ఇరవై ఏళ్ళుగా హీరోల తొడలు రాసీ రాసీ చెయ్యి అటే పోయింది. నడక చూడండి వెంకటప్పయ్య గారూ. చప్పుడు వినపడట్లా."

వెంకటప్పయ్య గారు తల గోక్కున్నారు. "చార్టు మొత్తం మీకిచ్చేశానే. మాటిచ్చాక వెనక్కి తీసుకోను. రంగులు కూడా అయ్యాయి. జూన్‌లో బడులు తెరిచేసరికి అందాలి."

"ఓ పని చేద్దాం," అన్నాడు తిరుపతిరావు. "పొట్ట దాకా నాది, కింద అమ్మాయిది. అన్నిటికీ. ఏమ్మా, వేస్తావా? నాకు జింక కాళ్ళు కూడా భయమే."

"పేరు?" అని అడిగింది త్రిపుర.

ఇద్దరు మగవాళ్ళూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "చార్టు మీద తిరుపతిరావు గారి పేరే ఉంటుందమ్మా," అన్నారు వెంకటప్పయ్య గారు కొంచెం ఇబ్బందిగా. "కాళ్ళకి పేరు వెయ్యరు. మొన్న శనివారమే ఇది తెచ్చుంటే అన్నీ నీవే అయ్యేవి, నీ పేరే ఉండేది."

ఆ మాట ఆయన త్రిపురతోనే అన్నారు. తగలాల్సిన చోటే తగిలింది. చౌడేశ్వరమ్మ స్టూలు అంచు పట్టుకుంది.

త్రిపుర ఒక నిమిషం తన తోడేల్ని చూసింది. "సరేనండీ. మంచి కాగితం ఇప్పించండి. ఇది నలిగింది."

తిరిగొచ్చేటప్పుడు త్రిపుర రిక్షా వద్దంది. కాలవ వంతెన దాకా నడుస్తానంది. చౌడేశ్వరమ్మ పక్కనే నడిచింది. చెయ్యి పట్టుకోబోయి మానుకుంది.

"రేపట్నుంచి నా కాగితాలు నేనే తెచ్చుకుంటాను," అంది త్రిపుర.

లారీలూ, సైకిళ్ళూ, మూతలేని మురుగ్గుంటలూ అన్నీ ఒక్కసారిగా చౌడేశ్వరమ్మ నోటి దాకా వచ్చాయి. "అలాగే," అంది.

ఇంకో పది అడుగులు వేశాక త్రిపుర అడిగింది. "నేను ఏడ్చానా? ఆ సూదికి."

"సూదికి ఏడవలేదు. నేను గట్టిగా పట్టుకున్నానని ఏడ్చావు."

త్రిపుర క్షమించాననలేదు, క్షమించలేదనీ అనలేదు. నడుస్తూనే, "నాన్నకి తెలీదు కదూ," అంది.

"తెలీదు."

"నేను చెప్పను. నువ్వే చెప్పు. ఇవాళ వస్తున్నారుగా."

వంతెన మొదట్లో జట్కా ఒకటి ఆగి ఉంది. బండివాడు నీడన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. గుర్రం ఒక వెనక కాలు సడలించి, గిట్ట మొన ఆన్చి కునుకు తీస్తోంది. "ఆగమ్మా," అని త్రిపుర రోడ్డు పక్కన నిలబడిపోయింది. తల వంచి, దాని వెనక కాలి ఎముక ఎక్కడ మొదలై ఎక్కడ వంపు తిరుగుతోందో చూడసాగింది. "ఇది వేళ్ళ మీద కూడా కాదు, గోరు మీద నిలబడింది. జింకకీ ఇంతేనేమో."

చౌడేశ్వరమ్మ పక్కన నిలబడి, కొంగు పిల్ల తల మీద నీడ పట్టాలని ఉన్నా పట్టకుండా, సాయంత్రం వీరభద్రయ్య మూట దించి మంచినీళ్ళు తాగాక ఎక్కడ మొదలెట్టాలా అని ఆలోచించుకుంటోంది. సూది దగ్గర మొదలెట్టాలో, గుంటూరు దగ్గరో, శనివారం దగ్గరో. ఎక్కడ మొదలెట్టినా మొదటి మాట మాత్రం ఒకటే వస్తోంది, "నేనే" అని.

"ఇంకొక్క నిమిషం," అంది త్రిపుర గుర్రం మీంచి చూపు తిప్పకుండా.

"చూసుకో తల్లీ," అంది చౌడేశ్వరమ్మ.